లూపస్‌తో ఉన్న నన్ను క్షేమంగా తల్లిని చేసిన అందరికీ కృతజ్ఞతలు

పాప పుట్టింది. తల్లీబిడ్డలం ఇద్దరం బాగున్నాం. కొండమల్లేపల్లి నుంచి హైదరాబాద్ దాకా మా కోసం తిరిగిన వాళ్లకు ఫోన్లో థాంక్స్ చెప్తే నాకు తృప్తిగా అనిపించలేదు. అందుకే అందరి ముందు రాస్తున్నాను.

నాకు పెళ్లికి ముందు నుంచే లూపస్ ఉంది. రోగాల నుంచి కాపాడాల్సిన మన రోగనిరోధక శక్తే మన కీళ్లను, చర్మాన్ని, కిడ్నీలను దెబ్బతీసే జబ్బు ఇది. పది మంది రోగుల్లో దాదాపు తొమ్మిది మంది ఆడవాళ్లే, ఎక్కువగా పిల్లలను కనే వయసువాళ్లు. "ఈ జబ్బుతో పిల్లలెందుకు" అనే మాట మాలో వినని వాళ్లు తక్కువ.

హైదరాబాద్ నిమ్స్ దవాఖానలో రుమటాలజీ (కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులు చూసే విభాగం) డాక్టర్లు అట్లా అనలేదు. ఇప్పుడే తొందరపడొద్దు అన్నారంతే. జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉండాలి, మూత్రంలో ప్రొటీన్ పోవడం తగ్గాలి, బీపీ అదుపులో ఉండాలి అన్నారు. నేను వాడుతున్న మైకోఫెనలేట్‌తో గర్భం పోవచ్చు, బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. అందుకని ముందే దాన్ని ఆపి అజాథయోప్రిన్‌కు మార్చారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే అక్కచెల్లెళ్లు కూడా పిల్లల గురించి అనుకున్నప్పుడే డాక్టరుకు చెప్పండి, నెల తప్పేదాకా ఆగకండి. లూపస్‌ను అదుపులో ఉంచే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర మాత్రం ఆపొద్దని చీటీలో కింద గీత గీసి మరీ రాశారు.

నెల తప్పగానే చుట్టాలంతా మాత్రలు మానేయమన్నారు. దగ్గర్లో ఒక క్లినిక్‌లో కూడా అన్నీ బంద్ చేయమన్నారు. నాకు ఒకటే టెన్షన్. మా అత్తమ్మ ఆ చీటీ చూపించి, "పెద్ద దవాఖాన సార్లు రాసిందే నడుస్తది బిడ్డా, నువ్వు మింగు" అన్నది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది, అది బిడ్డకూ ముప్పే. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఆమే సమాధానం చెప్పింది. అత్తమ్మా, నీకు నా దండాలు.

నా రక్తంలో రెండు రకాల యాంటీబాడీలు, అంటే రోగనిరోధక శక్తి పొరపాటున మన ఒంటి మీదికే తయారుచేసే ప్రొటీన్లు ఉన్నాయి. యాంటీ రో ఉన్న తల్లులకు పుట్టే బిడ్డల్లో వందకు ఇద్దరికి గుండె కొట్టుకోవడం నెమ్మదించే హార్ట్ బ్లాక్ వస్తుంది. ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్యే అది బయటపడుతుంది కాబట్టి ఆ రోజుల్లో మాటిమాటికీ బిడ్డ గుండె స్కాన్ తీశారు. తీసిన ప్రతిసారీ స్క్రీన్ నా వైపు తిప్పి చూపించిన మేడమ్‌కు, తెల్లవారకముందే కారు తీసి సాగర్ రోడ్డు మీద మమ్మల్ని తీసుకుపోయిన పక్కింటి అన్నకు చాలా రుణపడి ఉన్నాను.

రెండోవి యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు. వీటివల్ల రక్తం గడ్డకట్టవచ్చు, మాయ దెబ్బతిని గర్భం పోవచ్చు. అందుకే చిన్న మోతాదు ఆస్పిరిన్‌తో పాటు రోజూ రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ సూది. నాకు చేతులు వణికేవి. మా సబ్‌సెంటర్ ఏఎన్ఎం అక్క డ్యూటీ ముగిశాక ఇంటికి వచ్చి వేసేది. సద్దుల బతుకమ్మ రోజు కూడా పూలు పేర్చడం మధ్యలో వదిలి వచ్చింది. ఒక్క పూట కూడా తప్పలేదు. మెల్లగా నాకూ నేర్పింది. ఈ ఉపకారానికి ఏమిచ్చినా తక్కువే అక్కా.

చివరి నెలల్లో బీపీ పెరిగింది, మూత్రంలో ప్రొటీన్ కనిపించింది. అది గర్భం వల్ల వచ్చే ప్రీఎక్లాంప్సియా కావచ్చు, లూపస్ కిడ్నీ మీద పడటమూ కావచ్చు. చూడటానికి రెండూ ఒకటే, వైద్యం వేరు. నల్లగొండ గైనకాలజిస్ట్ మేడమ్ రాత్రిపూట నిమ్స్‌కు ఫోన్ చేసి మాట్లాడి లూపస్ ఎక్కువైతే సాధారణంగా రక్తంలో తగ్గే సీ3, సీ4 అనే ప్రొటీన్ల పరీక్షలు రాశారు. అవి తగ్గలేదు, లూపస్ లక్షణాలేవీ లేవు. ప్రీఎక్లాంప్సియాయే అని తేల్చుకుని, కొంచెం ముందుగానే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. లూపసే అనుకుని తొందరపడి స్టెరాయిడ్ మోతాదు పెంచకుండా ఆలోచించిన ఆ మేడమ్ వల్లే ఈ రోజు ఇది రాయగలుగుతున్నాను.

పాప ఈసీజీ బాగుంది. కాన్పు తర్వాత కూడా ఆరు వారాలు సూది వేసుకోమన్నారు, వేసుకుంటున్నాను. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతూనే పాలిస్తున్నాను.

నల్లగొండలో నాకు రక్తం ఇచ్చిన ఇద్దరు కాలేజీ తమ్ముళ్లు పేర్లు కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. తమ్ముళ్లూ, ఇది మీ దాకా చేరితే ఒక్క మెసేజ్ పెట్టండి. వచ్చే నెల పాపను తొట్టెలలో వేస్తున్నాం, మీరు తప్పకుండా రావాలి.