శ్లాబు పైన వేయాల్సింది కింద వేయించుకున్నాం

సంపాదకులకు నమస్కారం.

మాది ప్రొద్దుటూరు. మూడు సెంట్లలో కట్టుకున్న ఇల్లు. ఎండాకాలం వచ్చిందంటే మేడమీద గదిలో రాత్రి పదింటికి కూడా ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది. పోయినేడు 30 వేలు పెట్టి శ్లాబు కింద థర్మాకోల్ సీలింగ్ కొట్టించాం. పగలు కాస్త తేడా తెలిసింది గానీ రాత్రిళ్లు మాత్రం అదే ఉక్క. ఒకరోజు ఫ్యాను రాడ్డు దగ్గర షీటు జారితే స్టూలెక్కి సందులోంచి శ్లాబు మీద చెయ్యి పెట్టి చూశాను. వేణ్ణీళ్ల బిందెను తాకినట్టుంది. పక్కనే కరెంటు వైర్లు. థర్మాకోల్ అంటుకుంటే మండుతుంది కదా, నిజంగా భయమేసింది.

శ్లాబును ఎండకు వదిలేసి కింద అడ్డం పెడితే పగలంతా కాంక్రీటు కాగుతూనే ఉంటుంది, ఆ వేడి రాత్రికి కిందికి దిగుతుంది. మా జేజి వాళ్ల మిద్దెకు దూలాలు, దంతెల మీద జానెడు మట్టి, ఆపైన చౌడు ఉండేవి. ఎండ ముందు ఆ మట్టికి తగిలేది. మనం శ్లాబులు వేసుకున్నాక ఆ మట్టి చేసిన పనిని ఇంక దేనికీ అప్పగించలేదు. పైగా కొందరు నల్ల కడప బండలు పరుస్తున్నారు. నలుపు ఎండను ఇంకా పీల్చుకుంటుంది.

ఈ ఏడు సీలింగ్ పీకించి పైన చేయించాం. ముందు నీళ్లు పోయే వాటం సరిచేసి వాటర్‌ప్రూఫింగ్ పూయించాం. రెండు రోజులు నీళ్లు కట్టి చూద్దామంటే మేస్త్రీ అక్కర్లేదన్నాడు. పట్టుబట్టి కట్టించాను, పిట్టగోడ మూలలో చెమ్మ బయటపడింది! అది సరిచేశాకే రెండంగుళాల ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ బోర్డులు సందుల్లేకుండా పరిచి, పైన కాంక్రీటు, తెల్ల టైల్స్ వేశారు. మామూలు థర్మాకోల్ కంటే ఈ బోర్డు నీటిని చాలా తక్కువ పీలుస్తుంది, బరువుకు అణగదు. అంత ఖర్చు పెట్టలేనివాళ్లు ఏటా మార్చిలో రెండు పూతలు తెల్లసున్నం కొట్టించినా మేలే.

ఇళ్ల పైకప్పు ఎంత వేడిని లోపలికి వదలవచ్చో కేంద్రం 2018లోనే ఇళ్లలో కరెంటు ఆదా కోసం తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ అనే నియమావళిలో చెప్పింది. పైకప్పు గుండా వేడి ఎంత తేలిగ్గా దిగుతుందో చెప్పే అంకె, అంటే యు వాల్యూ, 1.2 దాటకూడదంది. ఒట్టి శ్లాబుది దానికి రెండింతల పైనే. కానీ 2018 నాటి ఆ సంహిత పెట్టింది 500 చదరపు మీటర్లు, ఆపై స్థలాల్లోని ఇళ్లకే. అంటే 12 సెంట్లకు పైమాటే. మా జిల్లాలో రెండు మూడు సెంట్లలో బతికేవాళ్ల సంగతేమిటి? పక్క తెలంగాణ 2023లో పైకప్పులు వేడెక్కకుండా చూసే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది.

మన దగ్గర పేదల ఇళ్ల ఎస్టిమేట్‌లో సిమెంటు, ఇసుక, కమ్మీల పక్కన శ్లాబుపై వేడి ఆపే పనికీ ఒక పద్దు పెట్టాలని గృహనిర్మాణ శాఖను కోరుతున్నాను. వచ్చే వేసవిలోపే పెట్టాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా