ఐసు పెట్టె నుంచి ఫ్రీజరు దాకా: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

చెన్నై ప్రయోగశాలల్లో పనిచేసే తెలుగు టెక్నీషియన్లు, పరిశోధక విద్యార్థులు కలిసి నడుపుకుంటున్న మన సంఘం ఈ ఏడాది సంక్రాంతి కలయిక, ఉగాది భోజనం ఎప్పటిలాగే జరిపింది. ఫోటోలు అందరూ చూశారు. పచ్చడిలో వేపపువ్వు తక్కువైందన్న ఫిర్యాదు కూడా అందింది. ఎక్కువగా రాయవలసింది ఆదివారం తరగతుల గురించి.

హెచ్‌ఐవీ మీద పనిచేసే ప్రతి పరిశోధకుడికీ సొంతంగా ఫ్లో సైటోమీటర్ (రక్తకణాలను రకాలవారీగా లెక్కించే యంత్రం), జన్యుక్రమాన్ని చదివే యంత్రం, ప్రత్యేక భద్రత గల గది సమకూర్చడం ఎవరి తరమూ కాదు. అందుకే ఒకచోట పెట్టి నలుగురూ వంతులవారీగా వాడుకుంటారు. ఆ ఉమ్మడి ప్రయోగశాలల్లో యంత్రం ముందు కూర్చునేది మనవాళ్ళే. కొత్తగా చేరినవారికి ఆ పనిలోని మెలకువలు ఎవరు చెబుతారన్న ప్రశ్న నుంచే ఈ తరగతులు పుట్టాయి.

మొదటి ఆదివారం యంత్రాల జోలికి పోలేదు, 1986 నాటి కథ చెప్పుకున్నాం. మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సాలమన్ మార్గదర్శకత్వంలో చదువుతున్న నిర్మల సేకరించిన రక్త నమూనాల్లోనే మన దేశంలో హెచ్‌ఐవీ మొదట బయటపడింది. అప్పుడు ఇక్కడ రక్తంలో హెచ్‌ఐవీ జాడను పట్టే ఎలైజా పరీక్షకు సౌకర్యం లేదు. నిర్మల ఆ నమూనాలను ఇంటి ఫ్రిజ్‌లో దాచి, ఐసు పెట్టెలో సర్దుకుని, రాత్రి రైలెక్కి కాట్పాడిలో దిగి, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) తీసుకెళ్ళారు. చిత్తూరు వైపు నుంచి వచ్చే సభ్యులకు ఆ స్టేషను బాగా పరిచయమే. ఒకరి దగ్గర నమూనా, మరొకరి దగ్గర పరీక్ష: ఈ దేశపు హెచ్‌ఐవీ పరిశోధన ఉమ్మడి సేవతోనే మొదలైందని మేము గొప్పగా చెప్పుకున్నాం. కొంచెం అతిగానే చెప్పుకున్నాం కూడా.

రెండో తరగతి రక్తపు గొట్టాల గురించి. ఒకే చేతి నుంచి ఒకేసారి తీసిన రెండు గొట్టాలకు నియమాలు వేరు. సీడీ4 కణాలు (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక తెల్లకణాలు) లెక్కించాల్సిన రక్తాన్ని గది ఉష్ణోగ్రతలోనే ఉంచాలి, ఫ్రిజ్‌లో పెడితే లెక్క దెబ్బతింటుంది. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూడడం కోసం తీసిన రక్తం నుంచి ప్లాస్మాను (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) 24 గంటల్లోపు వేరుచేయాలి, వెంటనే పరీక్షించకపోతే ఫ్రీజరులో పెట్టి గడ్డకట్టించాలి. మాటిమాటికీ కరిగించి మళ్ళీ గడ్డకట్టిస్తే వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ చెడిపోతుంది. బతికి ఉండాల్సిన తెల్లకణాలను మాత్రం మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. ఈ తేడాలను పదేళ్ళ అనుభవం ఉన్నవారు కూడా నోట్సు రాసుకోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

గోప్యత మీద జరిగిన తరగతికి హాజరు పలచగా ఉంది. అది బాధాకరం. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలు వారి సమ్మతి లేకుండా బయటపెట్టరాదని 2017లో చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. గొట్టం మీద పేరు బదులు సంకేత సంఖ్య ఉండేది కూడా ఈ గోప్యత కోసమే. అయినా మన ఇళ్ళకు వచ్చే బంధువులు “మీ దగ్గరికి ఎవరెవరు వస్తారు?” అని అడుగుతూనే ఉంటారు. తెలియదని చెప్పండి. నిజంగానే మనకు తెలియదు.

ఆగస్టులో ఒక రాత్రి మన సభ్యులు పనిచేసే ఒకచోట ఫ్రీజరు కంప్రెసరు ఆగిపోయింది. మైనస్ 80 ఉండాల్సిన తెర మీద మైనస్ 50 కనిపించింది. హెచ్చరిక సందేశం సెలవులో ఉన్న ఉద్యోగి ఫోనుకు వెళ్ళిందట. సంఘం వాట్సాప్‌లో కబురందగానే నలుగురు డ్రై ఐసుతో చేరుకుని, తెల్లవారేలోగా పెట్టెలన్నీ పక్క ఫ్రీజరులోకి మార్చారు. వారి పేర్లు రాయవద్దని వారే కోరారు. కానీ ఒక మాట చెప్పక తప్పదు: ఆ నమూనాలతో రేపు వెలువడే పరిశోధన పత్రంలో కృతజ్ఞతల పంక్తిలోనైనా టెక్నీషియన్ల ప్రస్తావన ఉండాలని పరిశోధకులకు లేఖ రాశాం. ఒకరిద్దరు సరే అన్నారు, మిగతావారి నుంచి జవాబు లేదు. మళ్ళీ రాస్తాం.

జమాఖర్చులు కోశాధికారి సమావేశంలో చదివి వినిపిస్తారు. చందా బకాయి ఉన్నవారు అప్పటికి చెల్లించగలరు. కార్యవర్గంలో మార్పు లేదు, పోటీకి ఎవరూ ముందుకు రాలేదు.

ఆ రాత్రి తరువాత నగరంలో డ్రై ఐసు దొరికే చోట్ల పట్టిక ఒకటి మొదలుపెట్టాం. తాంబరం వైపు వివరాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. తెలిసినవారు దయచేసి పంపండి.

ఇట్లు,
కార్యదర్శి