"నేనే చూసుకుంటాను" అన్న బుజ్జమ్మకు

టంగుటూరు,
ఆదివారం రాత్రి.

చిరంజీవి బుజ్జమ్మకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమంగా ఉన్నాము. రెండో కోత పొగాకు నిన్న సాయంత్రమే బ్యారన్‌కు, అదే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టుకు, ఎక్కించాము. ఇంకా పసుపు తిరిగే దశలోనే ఉంది కాబట్టి ఈ రాత్రికి నాకు నిద్ర లేదు. గంటకొకసారి లేచి, అద్దం కిటికీలో నుంచి టార్చి వేసి థర్మామీటరు చూసి వచ్చి, మళ్ళీ మంచం మీద కూర్చొని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇదంతా ఫోనులో చెప్పకూడదా అని నువ్వు అనుకోవచ్చు. ఫోనులో అయితే నువ్వు "నేనే చూసుకుంటాను నాన్నా" అంటావు, నేను "సరేనమ్మా" అంటాను, అక్కడితో మాట అయిపోతుంది. నువ్వు విశాఖపట్నం వెళ్ళినప్పటి నుంచీ అదే జరుగుతున్నది.

మొదటి సెమిస్టరులో మెజర్ థియరీ అనే లెక్కల పేపరు పోయిందని నువ్వు మొన్న చెప్పావు. పేపరు పోయినందుకు నాకు దిగులు లేదు. ఒంగోలులో తెలుగు మాధ్యమంలో చదివి, డిగ్రీలో ఇంగ్లీషుకు మారి, అక్కడి నుంచి ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్ దాకా వెళ్ళిన పిల్లకు ఒక పేపరు మిగలడం పెద్ద సంగతి కాదు. కానీ పాఠం అందడం లేదని తరగతులు మొదలైన రెండో వారానికే నీకు తెలిసినా, పరీక్ష రాసి వచ్చేదాకా ఆ మాట ఒక్కరితోనైనా అనలేదని విని బాధపడ్డాను. పైగా, మీ గదిలోని అమ్మాయి పి.జి. స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు చేసుకుంటూ నిన్ను కూడా చేయమంటే, "మాకెందుకులే, మాకంటే లేనివాళ్ళకు రానీ" అని ఊరుకున్నావట. మీ అమ్మ ఆ సంగతి చెప్పినప్పుడు నేను అన్నం తింటున్నాను. ముద్ద గొంతు దిగలేదు. ఎందుకంటే ఆ మాట నీ నోట వచ్చినా, నీకు నేర్పినవాణ్ణి నేను.

నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పటి సంగతి గుర్తుందా? లెక్కల పరీక్షకు ముందు రోజు నీ జామెట్రీ బాక్సులో వృత్తలేఖిని విరిగిపోతే, ఎదురింటి వాళ్ళ అమ్మాయి దగ్గర అడిగి తెచ్చుకున్నావు. నేను చూసి, "ఒకరి ముందు చేయి చాచే అలవాటు మనింట్లో లేదు" అని, ఆ దీపాలవేళ నిన్ను వెంటబెట్టుకొని వెళ్ళి తిరిగి ఇప్పించాను. మరునాడు నువ్వు గాజు పెట్టి వృత్తం గీసి వచ్చావు. అప్పుడు అదేదో పౌరుషమని పొంగిపోయాను. మీ తాత నన్ను అలాగే పెంచాడు, నిన్ను నేను అలాగే పెంచాను. ఈ రాత్రి కూర్చొని ఆలోచిస్తుంటే ఆ వృత్తలేఖిని కళ్ళముందు కదులుతున్నది.

నా చదువు ఎందుకు ఆగిపోయిందని నువ్వు చిన్నప్పుడు అడిగితే "వ్యవసాయం చూసుకోవాల్సి వచ్చింది" అని చెప్పాను. అది సగం నిజం. 1994లో నేను ఎం.ఏ. తెలుగులో చేరాను. ఆ ఏడు పంట పోయింది. హాస్టలు మెస్సు బిల్లు మూడు నెలలది నిలిచిపోయి, బాకీదారుల పేర్లు రాసే బోర్డు మీదికి నా పేరు ఎక్కింది. ఆ బోర్డు భోజనశాల తలుపు పక్కనే ఉండేది. లోపలికి వెళ్ళాలంటే దాన్ని దాటి వెళ్ళాలి. నేను వెళ్ళడం మానేశాను. పొద్దున టీ, మధ్యాహ్నం రెండు అరటిపండ్లతో ఇరవై రోజులు గడిపాను. మాకు ప్రబంధాలు చెప్పే మాస్టారు రెండుసార్లు ఆపి, "ఏమయ్యా, చిక్కిపోయావు, ఒంట్లో బాగోలేదా?" అని అడిగారు. రెండుసార్లూ "బాగానే ఉన్నానండి" అన్నాను. ఆ తరువాత వారమే పెట్టె సర్దుకొని రైలెక్కాను. చాలా ఏళ్ళ తరువాత, పొదిలి వైపు వాడు, నాతో చదివిన ఒకతను వేలం కేంద్రం దగ్గర కలిశాడు. అతనిదీ నా పరిస్థితేనట. పేద విద్యార్థుల సహాయనిధి ఒకటి ఉండేదట. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, మాస్టారి చేత సంతకం పెట్టిస్తే అతని బాకీ అందులోనుంచి కట్టారట. ఆ సంతకం పెట్టే చేయి నా ముందుకు రెండుసార్లు వచ్చింది తల్లీ. నేనే వద్దన్నాను.

ఇదే మనిషిని, పొలం దగ్గర మాత్రం అడగడానికి ఎన్నడూ సిగ్గుపడలేదు. నేను బ్యారన్ పట్టిన మొదటి ఏడు, ఆకు పసుపు తిరిగిన తరువాత ఒక రాత్రి రెండు గంటలప్పుడు చూస్తే ఈనె పక్కన గోధుమరంగు మచ్చ కనిపించింది. వెంటనే పరుగెత్తి, నాకు పెదనాన్న వరసయ్యే ముసలాయన్ని నిద్రలేపాను. ఆయన తుండుగుడ్డ భుజాన వేసుకొని వచ్చి, గోడ మీద అరచెయ్యి ఆనించి, వాసన చూసి, "వేడి అప్పుడే పెంచబాకరా, పైన కిటికీ తెరిచి తేమ బయటికి పోనియ్యి" అన్నాడు. ఆ మాటతో ఆ బ్యారన్ ఆకంతా నిలబడింది. తెల్లవారిన తరువాత అడిగి ఉంటే అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. దాన్ని ఊళ్ళో ఎవరూ చేయి చాచడం అనలేదు, నాకూ అలా అనిపించలేదు. పొలంలో వివేకం అనిపించుకున్న పని, చదువు దగ్గరకు వచ్చేసరికి అవమానం ఎలా అయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. విశ్వవిద్యాలయమంటే తరగతి గది, పరీక్షల హాలు మాత్రమే అనుకోవద్దు. తరగతి అయిపోయిన తరువాత తన గదిలో కూర్చొనే అధ్యాపకుడు, ఆ పేపరు నిరుడు గట్టెక్కిన సీనియరు, గ్రంథాలయం, స్కాలర్‌షిప్పుల విభాగం, ఆరోగ్యకేంద్రం, ఇవన్నీ కలిస్తేనే విశ్వవిద్యాలయం. తరగతి గది, పరీక్షల హాలు అందరికీ సమానంగా అందుతాయి. మిగిలినవి అడిగినవాళ్ళకే అందుతాయి. అడగనిదే అమ్మైనా పెట్టదని మన పెద్దలు ఊరికే అనలేదు.

అన్నింటికంటే ముందు మీ మెజర్ థియరీ మేడమ్ గారి దగ్గరికి వెళ్ళు. "అర్థం కావడం లేదండి" అని మాత్రం అనవద్దు. అలా అంటే ఆవిడ ఎక్కడ మొదలుపెట్టాలి? నేను పెదనాన్నతో "ఆకు పాడైంది" అనలేదు, "ఈనె పక్కన మచ్చ వచ్చింది" అన్నాను. నువ్వు ఒకసారి ఫోనులో సిగ్మా ఆల్జీబ్రా అనే మాట అన్నావు. అది ఏమిటో నాకు తెలియదు గానీ, పుస్తకంలో ఏ పేజీలో, ఏ వాక్యం దగ్గర నీ బండి ఆగిపోయిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకొని, నోటుబుక్కులో నువ్వు చేసినంత వరకు చేసి, అది చూపించి అడుగు. శ్రమపడి వచ్చిన పిల్లను కసురుకొనే అధ్యాపకులు తక్కువ. ఒకవేళ కసురుకున్నా, ఇంకొకరి దగ్గరికి వెళ్ళు.

ఇందులో ఇంకొక సంగతి కూడా ఉంది. రేపు నువ్వు పైచదువుకో పరిశోధనకో దరఖాస్తు చేసినప్పుడు సిఫారసు లేఖ అడుగుతారు. మన దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్పుకు ఎంపికైతే, రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చు. దానికి కూడా అధ్యాపకుల లేఖ కావాలి. మూడో బెంచీలో కూర్చొని రెండేళ్ళు నోరు విప్పని పిల్ల గురించి ఎంత మంచి అధ్యాపకులైనా ఏమని రాస్తారు?

పుస్తకాలు కొనలేకపోతున్నానని కూడా ఒకసారి అన్నావు. మీ గ్రంథాలయంలో అడుగు. "ఒకే దేశం, ఒకే చందా" అనే పథకం కింద 2025 జనవరి నుంచి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవారికి ముప్పై అంతర్జాతీయ ప్రచురణ సంస్థల పరిశోధన పత్రికలు, సుమారు 13,000, విడిగా చందా కట్టకుండానే చదివే వీలు కలిగింది. 2017లో మొదలైన స్వయం అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలోనూ, ఐ.ఐ.టి.లు 2003లో మొదలుపెట్టిన ఎన్.పి.టి.ఇ.ఎల్.లోనూ ప్రాబబిలిటీ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఒకే పాఠాన్ని వెనక్కి తిప్పి నాలుగుసార్లు వినవచ్చు. ఇంగ్లీషులో వేగంగా చెబితే అందని నీలాంటి పిల్లకు అది ఎంత మేలో నువ్వే ఆలోచించు.

ఇక డబ్బు సంగతి. నువ్వు వదులుకున్న ఆ స్కాలర్‌షిప్పు గురించి మన పంతులుగారి అబ్బాయి చేత వివరంగా చెప్పించుకున్నాను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) వారు పి.జి. మొదటి సంవత్సరం విద్యార్థులను డిగ్రీలో చూపిన ప్రతిభను బట్టి ఎంపిక చేసి, నెలకు 15,000 రూపాయల చొప్పున ఏడాదికి పది నెలలు ఇస్తారట. అది లేనివాళ్ళ కోసం పక్కన పెట్టిన దానం కాదు, చదివినవాళ్ళకు చదువు తెచ్చిపెట్టేది. నువ్వు తీసుకుంటే ఇంకొకరి కంచంలో అన్నం లాక్కున్నట్టు కాదు. అది పోయింది, పోనీ. జాతీయ అర్హత పరీక్ష (నెట్)లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పు వస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. దాని కోసం సీనియర్లు ఎప్పటి నుంచి చదువుతున్నారో ఇప్పుడే కనుక్కో. గడువు తేదీలను నీ గోడ క్యాలెండరు మీద ఎర్రసిరాతో రాసుకో.

ఈ గడువుల గురించి రాస్తుంటే మీ శాస్త్రంలోనే మహానుభావుడైన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు గుర్తుకొస్తున్నారు. మన గూడూరులోనూ, నూజివీడు, నందిగామల్లోనూ చదువుకొని, నువ్వు ఇప్పుడు చదువుతున్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితం పూర్తిచేశారు. పరిశోధన స్కాలర్‌షిప్పుకు పెట్టుకుంటే, దరఖాస్తు ఆలస్యంగా అందిందని రాలేదు. సైన్యపు సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అదీ రాలేదు. అక్కడ తాను బస చేసిన చోట, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్న ఒకరు పరిచయమైతే, ఆ సంస్థ ఏమిటో వెళ్ళి చూసి, వివరాలు కనుక్కొని, 1941లో అందులో చేరారు. నాలుగేళ్ళకు, ఇరవై అయిదేళ్ళ వయసులో, ప్రపంచమంతా ఈనాటికీ ఉపయోగించే ఫలితాలను ప్రచురించారు. ఆయన తల్లి రోజూ తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదట. అంతటి తెలివికి కూడా దీపం వెలిగించే చేయి ఒకటి, దారి చెప్పే మనిషి ఒకరు కావలసి వచ్చారు.

మన జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులుగారి సంగతి నీకు చిన్నప్పుడు చెప్పాను. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివించింది. మూడు రూపాయల పరీక్ష ఫీజు కోసం పట్టుచీర తాకట్టు పెట్టింది. ఆ తరువాత గురువు హనుమంతరావు నాయుడు గారు తన వెంట రాజమండ్రి తీసుకొని వెళ్ళి చదివించారు. 1928లో మద్రాసులో పోలీసు తుపాకికి రొమ్ము చూపిన మనిషి, పిల్లవాడిగా ఉన్నప్పుడు గురువు ఇచ్చిన ఆసరాను కాదనలేదు. ఆత్మాభిమానానికి ఆయన్ని మించినవాణ్ణి నేను నీకు చూపించలేను.

నువ్వు చదివే విశ్వవిద్యాలయమే అలాంటి ఆసరాతో నిలిచింది. 1926లో పుట్టినప్పుడు దానికి సొంత భవనాలు కూడా లేవు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు ఏటా లక్ష రూపాయలు ఇస్తూ వచ్చారు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఆ డబ్బంతా ఎప్పుడో ఒకనాడు నీవంటి పిల్ల వచ్చి కూర్చుంటుందనే కదా ఇచ్చింది.

చివరిగా ఒక మాట, మీ అమ్మ రాయమంటేనే రాస్తున్నాను. నీ గొంతు ఈ నెలలో బాగోలేదని, నవ్వు కూడా బలవంతంగా నవ్వుతున్నావని తను అంటున్నది. వంద మంది లేదా అంతకు పైబడి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన మానసిక ఆరోగ్య సలహాదారు ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. మీ క్యాంపస్‌లో ఎక్కడున్నారో కనుక్కొని, ఒకసారి వెళ్ళి కూర్చొని మాట్లాడి రా. అర్ధరాత్రి మనసు బాగోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416 కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మాకు చేసినా సరే. నేను మేలుకొనే ఉంటాను, ఈ రెండు నెలలూ నాకు రాత్రే పగలు.

ఈసారి మీ గదిలోని అమ్మాయికి కూడా సరిపోయేటట్టు మీ అమ్మ గోంగూర నిల్వపచ్చడి పెట్టింది. బుధవారం మన వీధి అబ్బాయి అక్కడికి వస్తున్నాడు, అతనితో పంపిస్తాను. పెట్టెలో పచ్చడి సీసా పక్కన చిన్న పొట్లం ఉంటుంది. అందులో వృత్తలేఖిని పెట్టాను. నీకు ఇప్పుడు దాని అవసరం లేదని నాకు తెలుసు. అయినా ఉంచుకో.

వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు నేను మార్కుల సంగతి అడగను. ఈ వారంలో ఎవరి దగ్గరికి వెళ్ళావో, ఏమడిగావో, వాళ్ళు ఏమన్నారో చెప్పు. థర్మామీటరు చూసే వేళయింది. ఉంటాను తల్లీ.

ఆశీస్సులతో,
నాన్న