తప్పు చిప్పది కాదట

నల్లగొండ,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ బక్కోడా,

మొన్న ఫోన్‌లో "అంతా మంచిదే" అని పెట్టేసినందుకు తిట్టుకుంటూ ఉంటావు. అమ్మ పక్కనే కూర్చుంది రా. ఆమె ముందు కోతలూ స్క్రూలూ అంటే మళ్ళీ ఏడుపు మొదలు. అందుకే ఈ కాగితం. ఎడమ కాలు రెండు దిండ్ల మీద, పరీక్ష అట్ట ఒళ్ళో. రాత వంకర పోతే సర్దుకో.

ఆపరేషన్ అయి ఇవాళ్టికి 19 రోజులు. మోకాలి చిప్ప తీసేసి కొత్తది పెట్టారని మన ఊళ్ళో చెప్పుకుంటున్నారట. అదేం లేదు. కోసింది చిప్పను కాదు, దాని కింద ఉన్న కాలి బొక్కను. ఏ జబ్బూ లేని బొక్కను!

టెన్త్‌లో కబడ్డీ గుర్తుందిగా? నేను కూతకు పోయి గిర్రున తిరిగినప్పుడు చిప్ప పక్కకు జారి, మోకాలు బయటివైపు ఉబ్బి కనబడింది. పీఈటీ సారు కాలు మెల్లగా చాపిస్తే టక్కుమని లోపలికి వచ్చింది. నాకంటే ముందు నువ్వే కళ్ళు తిరిగి పడ్డావు, అది మాత్రం నేను మరిచిపోను. అప్పటి నుంచే కదా నేను చిప్పగాడిని అయింది. తర్వాత కట్టు కట్టే తాత దగ్గర కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, మూడు వారాల కంపు.

నీకు చెప్పనివి ఇంకో నాలుగు సార్లు జారింది. ఒకసారి చెర్వుగట్టు గుట్ట మెట్లు దిగుతుంటే. ఒకసారి బస్సు దిగుతుంటే. ఇంకోసారి మా పెద్దమ్మ కొడుకు బరాత్‌లో, తీన్మార్ మధ్యలో. నేను కింద పడి కాలు పట్టుకుంటే కొత్త స్టెప్పు అనుకొని చుట్టూ చేరి విజిళ్ళు వేశారు.

ఇన్నేళ్ళూ ఇంట్లో ఒకటే మాట, "నీళ్ళ వల్లే". అమ్మమ్మది మర్రిగూడ వైపు కదా, మన దగ్గర బొక్క అంటే ఫ్లోరైడే గుర్తొస్తుంది. వాళ్ళ తప్పు కూడా కాదు. నడుం వంగిపోయినవాళ్ళను, మోకాళ్ళు లోపలికి ఒరిగినవాళ్ళను చూస్తూ పెరిగాం. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ఈ జిల్లాలో బడి పిల్లలకు కూడా తెలుసు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు, ఏం పేరు సంపాదించాం చూడు. నేనూ అదే నమ్మాను. నమ్మితే ఇంక డాక్టర్ దగ్గరికి పోయే పని ఉండదు కదా.

ఈసారి చూసిన డాక్టర్ నన్ను నిలబెట్టి తుంటి నుంచి మడమ దాకా పొడుగు ఎక్స్‌రే తీయించాడు. కాలు నిటారుగానే ఉందన్నాడు. మోకాలు లోపలికి ఒరిగి ఉంటే అది కూడా చిప్పను బయటికి లాగుతుందట, అప్పుడు తొడ బొక్కను కోసి సరిచేసేవాళ్ళట. కొందరికి తొడ బొక్క లోపలికి మెలి తిరిగి ఉంటుందట, వాళ్ళకు దాన్ని తిప్పి కూర్చోబెడతారు. నాకు ఆ రెండూ లేవు. తర్వాత సీటీ స్కాన్. అందులో బయటపడింది అసలు సంగతి.

మీ పెద్ద బావి గిరక గుర్తు తెచ్చుకో. తొడ బొక్క చివర గిరకకు ఉన్నట్టే గాడి ఉంటుంది, చిప్ప అందులో జారుతుంది. చిప్ప కింద నుంచి గట్టి తాడులాంటి పట్టీ (టెండన్ అంటారు) వచ్చి, మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే గుబ్బ దగ్గర బొక్కకు అతుక్కుంటుంది. ఆ గుబ్బ గాడికి ఎదురుగా కాకుండా బాగా బయటికి ఉంటే, కాలు చాపిన ప్రతిసారీ తాడు చిప్పను పక్కకు గుంజుతుంది. గుంజ వంకరగా పాతి గిరకను తిడితే ఏం లాభం? గాడి మధ్య నుంచి గుబ్బకు పక్కకు ఎంత దూరమో కొలుస్తారు. 20 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. నాది 23. పుట్టుకతో వచ్చిన అమరిక అన్నాడు. అమ్మ అప్పుడు "మరి నీళ్ళు కాదా" అని రెండు సార్లు అడిగింది.

రెండేళ్ళ క్రితం ఇంకో చోట చూపించుకున్నానని చెప్పలేదు కదూ. స్కాన్ లేదు, కొలత లేదు. బయటివైపు బిగుసుకున్న పొర కోసి వదులు చేస్తే చాలు, సాయంత్రానికి ఇంటికి పోవచ్చన్నారు. డబ్బులు లేక ఆగాను. చిప్ప మాటిమాటికీ జారేవాళ్ళకు అదొక్కటే చేస్తే ఆగదు, ఒక్కోసారి ఇంకా వదులైపోతుందని ఇప్పుడు తెలిసింది. పేదరికం ఒక్కసారైనా మేలు చేసింది.

టెన్త్‌లోనే ఎందుకు చేయలేదని అడుగుతావు. అప్పుడు బొక్క ఇంకా పెరుగుతోంది. ఆ గుబ్బ దగ్గర పెరిగే భాగాన్ని కోస్తే తర్వాత మోకాలు వెనక్కి వంగిపోయే ప్రమాదం ఉందట. పైగా మొదటిసారి జారితే చాలామందికి కోత అక్కర్లేదు, తొడ కండ గట్టిపడే ఎక్సర్‌సైజులే వైద్యం. నాకూ చెప్పారు. పది రోజులు చేసి మానేశాను, అది నీళ్ళ మీద వేయలేను.

ఇక ఆపరేషన్. నడుములో ఇంజెక్షన్ ఇచ్చి కింది సగం మొద్దుబార్చారు. నొప్పి లేదు, చప్పుడు మాత్రం మొత్తం వినపడింది. రంపం, డ్రిల్లు. మీ నాయన దర్వాజ చేస్తుంటే కూర్చున్నట్టే ఉంది, చెక్క నాదయింది అంతే. గుబ్బతో సహా ఒక పొడుగాటి బొక్క ముక్కను ఏటవాలుగా కోసి, ఒక సెంటీమీటరు లోపలికి జరిపి రెండు స్క్రూలు బిగించారు. ఏటవాలుగా ఎందుకంటే, లోపలికి జరుగుతూనే కొంచెం ముందుకు కూడా వస్తుంది, చిప్ప వెనక అరిగినచోట ఒత్తిడి తగ్గుతుంది. ఫుల్కర్సన్ అనే అమెరికా డాక్టర్ 1983లో రాసిన పద్ధతట. చిప్పను లోపలివైపు పట్టి ఉంచే లిగమెంట్ సాగిపోయిందని, తొడ వెనక నుంచి సన్నటి టెండన్ తీసి కొత్తది కూడా వేశారు. ఒక్క సెంటీమీటరు కోసం ఇంత గోల!

మొదటి రెండు రాత్రుల సంగతి రాయను. రక్తం గడ్డ కట్టకుండా పొట్టలో సూదులు, పొద్దస్తమానం పాదం ఆడించడం. ఇప్పుడు బ్రేస్ పెట్టుకొని వాకర్‌తో నడుస్తున్నా, ఆ కాలి వేళ్ళు నేలకు ఆనించాలి కానీ బరువు వేయకూడదు. బొక్క అతుక్కోకముందే బరువు వేస్తే అది విరిగే ప్రమాదం ఉంది. ఆరు వారాలకు ఎక్స్‌రే చూసి చెప్తారు. పరుగు అంటే ఆరు నెలల పైమాటే. కోత పక్కన అరచేయంత మేర స్పర్శ లేదు, దోమ కుట్టినా తెలియదు. తొడ చూస్తే నీ చెయ్యిలా అయింది, కోపం తెచ్చుకోకు. రోజూ కాలు నిటారుగా లేపాలి, మొదటి రోజు లేవనే లేదు. మెదడు చెప్తోంది, కాలు వినట్లేదు. భయమేసింది రా, నిజంగా. నాలుగో రోజు జానెడు లేచింది, అమ్మ చప్పట్లు కొట్టింది.

మన లెట్రిన్‌లో కూర్చోలేను కాబట్టి ప్లాస్టిక్ కుర్చీకి నడుమ రంధ్రం ఉన్నది కొన్నాం. దాని గురించి ఇంతకంటే అడగకు. రోజూ పొద్దున బొక్కల సూపు తాగిస్తున్నారు. మేకలు నన్ను చూస్తే పారిపోయేట్టున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుంటే స్క్రూ తలలు గుచ్చుకుంటాయట, ఎక్కువ ఇబ్బంది పెడితే బొక్క గట్టిపడ్డాక తీసేస్తారట. తీస్తే ఒకటి నీకు ఇస్తా, కీచైన్ చేయించుకో.

పుణె నుంచి దసరాకు వస్తానన్నావు కదా. అప్పటికి వాకర్ వదిలేస్తానని అనుకుంటున్నా. వచ్చేటప్పుడు మీ నాయన దగ్గర ఆ పొడుగు బల్ల అడిగి తీసుకురా, ఎక్సర్‌సైజులు మంచం మీద చేస్తుంటే పరుపు కుంగుతోంది. ఫిజియో వచ్చాడు, బెల్లు కొడుతున్నాడు. ఇక ఆపుతా.

నీ
చిప్పగాడు