పక్కింటి మీదుగా వచ్చే ఎండ

కాల్గరీ (కెనడా),
24 జూన్ 2025.

నాన్నగారికి,

నమస్కారం. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నొప్పి తగ్గింది కదా అని మాత్రలు మానేయొద్దన్నానని చెప్పండి.

ఆదివారం ఫోన్లో మీరడిగిన దానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "ఏడు సెంట్లంటావు, మళ్ళీ చిన్న స్థలమంటావు, ఏంటమ్మా నీ లెక్క?" అన్నారు. వెనక నుంచి అమ్మ, "ఏడు సెంట్లలో మనవాళ్ళు అపార్ట్‌మెంటే లేపుతారు" అనడం కూడా వినపడింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. సర్వీసంతా ఎం.బుక్‌లో కొలతలు రాసిన మనిషికి నోటిమాట ఆనదని నాకు తెలుసు. కాగితాలు ఫోటో తీసి తమ్ముడికి పంపుతాను, వాడు ప్రింటు తీయించి మీ చేతికిస్తాడు.

స్థలం 25 అడుగుల వెడల్పు, 120 అడుగుల లోతు. 3000 చదరపు అడుగులు, అంటే 333 గజాలు. గజాల్లో చూస్తే చిన్నదేం కాదు, ముఖమే చిన్నది. కిల్లార్నీ అనే ఈ పేటలో చాలావరకు 1950ల నాటి ఇళ్ళు. 50 అడుగుల ప్లాటులో ఒకే అంతస్తు, ముందు గడ్డి, వెనక సందులోకి గ్యారేజీ. అలాంటి ముసలి ఇల్లు అమ్మకానికి వస్తే బిల్డరు కొని, పడగొట్టి, ప్లాటుని నిలువునా రెండుగా చీల్చి రెండు ఇళ్ళు లేపుతాడు. ఇన్‌ఫిల్ అంటారు వాటిని. మేం చూస్తున్నది అలాంటి జంటలో దక్షిణం వైపుది. 2018లో కట్టారు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు హద్దుకి వదిలితే ఇంటికి మిగిలింది 17. గోడల మందం పోను లోపల 16. అందులో మెట్లకి మూడు పోయాయి. ఇల్లు కాదు, రైలుపెట్టె అనుకోండి. ముందు భోజనాల బల్ల, మధ్యలో వంటిల్లు, వెనక హాలు, పైన మూడు గదులు, కింద బేస్‌మెంటు. బేస్‌మెంటంటే మన సెల్లారు లాంటిదే, కాకపోతే కార్లకి కాదు, మనుషులకి.

మొదటిసారి చూసినప్పుడు నేను పడిపోయానని ఒప్పుకుంటున్నాను. తెల్ల క్వార్ట్జ్ గట్టు, చప్పుడు లేకుండా మూసుకునే అరలు, మేడమీదే బట్టలుతికే మెషీను. మీ అల్లుడు మాత్రం ఆ గట్టు వైపు చూడనే లేదు, స్టేషనుకి ఎన్ని నిమిషాలో నడిచి చూసొచ్చాడు. వెస్ట్‌బ్రూక్ స్టేషను పద్నాలుగు నిమిషాలు, అక్కడి నుంచి రైల్లో నేరుగా డౌన్‌టౌన్‌లో ఆఫీసు. బుజ్జిదాని బడి రెండు వీధుల అవతల. అడుగుతున్నది 8,40,000 డాలర్లు. ఆ డబ్బుకి ఊరి చివర లివింగ్‌స్టన్ లాంటి కొత్త లేఅవుట్లలో ఇంతకంటే వెడల్పాటి ఇల్లొస్తుంది, చుట్టూ మనవాళ్ళు కూడా ఉంటారు. కానీ చెట్లుండవు. ఇక్కడ వీధికి రెండు వైపులా పెద్ద చెట్లు. పాప్లర్ల నుంచి ఈ నెలంతా బూరుగు దూదిలా రేగుతోంది, బుజ్జిది దాన్ని మంచు అనుకుని పట్టుకోబోయింది.

"అంత మోజుంటే ఆ పాత ఇల్లే కొనుక్కోవచ్చు కదా" అంటారేమో. చూశాం, రెండు. అటకల్లో ఆస్‌బెస్టాస్ ఉందేమో పరీక్ష చేయించాలన్నారు, వీధి మురుగు కాలవకి వెళ్ళే మట్టి గొట్టాల్లోకి చెట్ల వేళ్ళు దూరి ఉంటాయన్నారు. ఉద్యోగాలు చేసుకుంటూ ఆ తలనొప్పి మావల్ల కాదు.

వాస్తు సంగతి: తూర్పు ముఖం. అమ్మకి అది చాలు. మీకు చాలదు, నాకూ చాలలేదు.

తూర్పు ముఖమైతే పొడవాటి గోడలు రెండూ ఉత్తరం, దక్షిణం చూస్తాయి. హద్దుకి అంత దగ్గరగా ఉన్న గోడకి పెద్ద కిటికీలు పెట్టనివ్వరు, ఒకింట్లో నిప్పంటుకుంటే పక్కింటికి పాకుతుందని. కాబట్టి ఇల్లంతటికీ వెలుతురు రెండు కొసల నుంచే రావాలి. మధ్యలో ఉన్న వంటింట్లో పట్టపగలు లైటు వేశారు. ఆర్పమన్నాను. ఏజెంటు కొంచెం మొహం చిట్లించినా ఆర్పాడు. అప్పుడు తెలిసింది. మెట్ల మలుపులో దక్షిణం వైపు ఎత్తుగా ఒక సన్నటి కిటికీ ఉంది. దాంట్లోంచి ఎండ మెట్ల మీదుగా జారి వంటింటి గట్టు మీద చేటంత మేర పడుతోంది. ఆ నడిమింటికి వెలుగంతా అదే.

గుంటూర్లో మనం దక్షిణపుటెండ తగలకుండా తడికెలు కట్టుకునేవాళ్ళం. ఇక్కడ అదే బంగారం. డిసెంబరు మధ్యాహ్నం మీ నెత్తిన సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటే ఇక్కడ దాదాపు 16 డిగ్రీలే. అంతకంటే పైకి లేవడు. ఆ కాస్త ఎండ లోపలికి రావాలంటే దక్షిణాన ఎవరూ అడ్డుండకూడదు. ప్రస్తుతానికి లేరు. అటువైపున్నది పాత ఒంటి అంతస్తు ఇల్లు. దాని కప్పు మీదుగానే మన ఎండ వస్తోంది. మీ అల్లుడు ఫోన్లో ఏదో యాప్ పెట్టి డిసెంబరు 21 నాటి సూర్యుణ్ణి చూపించాడు. పన్నెండింటికి కప్పు మీదుగా, కొంచెంలో, కిటికీ దాకా వస్తోంది.

ఇల్లు కొనేవాడు వానలో చూడాలని మీరనేవారు కదా. ఇక్కడ జూనే వానల నెల. పోయినవారం పొద్దుటి నుంచీ వాన పడుతుంటే ఏజెంటుని బతిమాలుకుని మళ్ళీ వెళ్ళాం. బేస్‌మెంటులో నేల కింది నీళ్ళు చేరే గుంట ఒకటి ఉంటుంది, దాని మీద పంపు. మూత తీయించి టార్చి వేసి చూశాను. అడుగున గులకరాళ్ళు, అరడుగు నీళ్ళు. పంపు ఒకసారి గుర్రుమని ఆగింది. మంచిదే. బయటికొచ్చి దక్షిణపు నాలుగడుగుల సందులో నిలబడ్డాను. కప్పు మీది నీళ్ళు గొట్టంలో దిగి, దాని చివర పెట్టిన రేకు ఎప్పుడో ఊడిపోయి ఉంది కాబట్టి, నేరుగా పక్కింటి కంచె మొదట్లో పడుతున్నాయి. కట్టేటప్పుడు మట్టి పోసి ఎత్తు చేసినట్టున్నారు, మన నేల పక్కింటి నేలకంటే జానెడు పైకుంది. కంచె పలకలు కింద నల్లగా నాని, వేలితో నొక్కితే లోపలికి పోయాయి.

అప్పుడే పక్కింటావిడ వరండాలోకి వచ్చారు. ఎనభై దాటి ఉంటాయి. చేతిలో కాఫీ కప్పు. వానలో నిలబడి కంచె నొక్కుతున్న నన్ను చూసి, "కొనేవాళ్ళు ఎవరైనా అక్కడ నిలబడి చూస్తారా అని ఏడేళ్ళుగా అనుకుంటున్నా" అన్నారు. ఇళ్ళు రెండూ లేచాకే తన బేస్‌మెంటులో ఆ మూల చెమ్మ మొదలైందట. ఓనర్లకి రెండుసార్లు చెప్పారట. సరే సరే అన్నారట. కోపంగా కూడా చెప్పలేదు నాన్నా, అలవాటైపోయినట్టు చెప్పారు. నేను ఇంకా కొనలేదు, అయినా సిగ్గేసింది. గొట్టానికి పొడుగు ముక్క వేసి నీళ్ళు వీధివైపు మళ్ళించి, సందులో సన్నటి కాలవ తీస్తే సరిపోతుందని నా లెక్క. వాటం ఎంతుండాలో మీరు చెప్పండి.

మిగతావి చకచకా. ఇక్కడ 2014 నుంచి కొత్త ఇళ్ళకి వారంటీ తప్పనిసరి. పనితనానికి ఏడాది, పైపులకీ వైరింగుకీ రెండేళ్ళు, బయటి గోడలూ కిటికీల్లోంచి నీళ్ళు రాకుండా అయిదేళ్ళు, పునాదీ చట్రానికీ పదేళ్ళు. మనకిప్పుడు చివరిది మాత్రమే మిగిలింది, 2028 దాకా. అయిపోయిన అయిదేళ్ళదే నాకు బెంగ. ముందు గది కిటికీ కింద ఎడమ మూల సీలెంటు విడిపోయి గోరు దూరేంత సందు ఉంది. ఇల్లు తనిఖీకి మేం పెట్టుకున్న ఇన్‌స్పెక్టరు తేమ మీటరు పెడితే మిగతా చోట్లకంటే అక్కడ ముల్లు పైకెళ్ళింది. అది బాగు చేయించాకే కొంటాం అని షరతు రాయించాం. రేడాన్ అని నేలలోంచి వచ్చే గ్యాసు ఈ ఊళ్ళో ఎక్కువ, ఊపిరితిత్తులకి చెడ్డది. దాన్ని బయటికి పంపే గొట్టానికి ఏర్పాటు ముందే పెట్టారు, పరీక్ష చలికాలంలో మూడు నెలలు చేయాలి. సర్వే కాగితం కూడా జత చేస్తున్నాను. గ్యారేజీ చూరు హద్దుకి ఎంత దూరమో ఒకసారి చూసిపెట్టండి. గ్యారేజీ వెనక సందులో ఉంది కాబట్టి మైనస్ ముప్ఫైలో కూరగాయల సంచులతో పెరడంతా దాటి రావాలి. ముందు వైపు లాభం ఒకటుంది లెండి: మంచు ఆగిన 24 గంటల్లో ఇంటి ముందు కాలిబాట మనమే ఊడ్చాలి, మనకి ఊడ్చేది 25 అడుగులే.

అసలు విషయం ఇంకా రాయలేదు. ఆ పెద్దావిడ స్థలం 50 అడుగులది. పోయినేడు మే నెలలో సిటీ కౌన్సిలు రూలు మార్చింది. ఆగస్టు నుంచి అలాంటి ప్లాటులో నాలుగిళ్ళ వరస, 11 మీటర్ల ఎత్తు దాకా వేసుకోవచ్చు. ఈ అక్టోబరులో సిటీ ఎన్నికలకి ఇదే పెద్ద గొడవ. ఉంటుందో తీసేస్తారో ఎవరి నమ్మకం వాళ్ళది. నాకు మాత్రం ఆ రూలు తప్పనిపించదు. అలా ఒక ఇల్లు పడగొట్టి రెండు వేయబట్టే కదా మాకీ పేటలో చోటు దొరికేది. కానీ 11 మీటర్లంటే 36 అడుగులు. డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ 130 అడుగులు పరుచుకుంటుంది. మన ప్లాటు లోతుకంటే ఎక్కువ. మెట్ల కిటికీ గోడకి వేసిన బొమ్మలా మిగులుతుంది.

ఇన్‌స్పెక్టరు 41 పేజీల రిపోర్టు ఇచ్చాడు. అందులో ఇది లేదు. ఉండదు కూడా. "మీరెప్పుడు అమ్ముతారు?" అని ఆవిడని అడగలేను కదా. మీ అల్లుడు, "నడిమింట్లో మంచి లైట్లు వేద్దాం, ధరలో పాతిక వేలు తగ్గించమందాం" అంటాడు. తగ్గిస్తారేమో కూడా. వచ్చే మంగళవారం దాకా మాకు గడువు, ఆలోపు షరతులు తీసేయాలి లేదా ఇల్లు వదులుకోవాలి.

మన బ్రాడీపేట ఇంటి పక్కన అయిదంతస్తులు లేచినప్పుడు నేను ఇంటర్. మీరు టేపు పట్టుకుని వాళ్ళు హద్దుకి వదిలిన సెట్‌బ్యాక్ కొలవడం, నేను అటు చివర పట్టుకోవడం గుర్తుంది. కొలత అంగుళం కూడా తేడా రాలేదు. ఎండ మాత్రం పోయింది. దండెం మీద బట్టలు ఆరక ముక్కిపోయిన వాసన వస్తుంటే అమ్మ పెరట్లో దండెం విప్పేసి డాబా మీద కట్టించింది. ఆ మోకాళ్ళతో ఇప్పటికీ బకెట్టు పట్టుకుని మెట్లెక్కుతోంది.

సర్వే కాగితం మీరు చూడండి. ఈ ఎండ సంగతి మాత్రం అమ్మకి చదివి వినిపించి, ఆవిడ ఏమంటుందో నాకు రాయించండి. ఆదివారం ఫోను దాకా ఆగకుండా, శనివారం లోపే.

మీ
పెద్దమ్మాయి