గ్రిడ్‌లో ఎవరికి వారే యమునా తీరే అంటే కుదరదు

సంపాదకులకు,

విద్యుత్ గ్రిడ్ మొత్తానికి ఉత్పత్తిని సర్దే కంట్రోలర్ ఒక్కటే కాకుండా ఏరియాకొకటి పెట్టి, జరగబోయేది ముందే అంచనా వేయించి నడిపితే ఇక ఇబ్బందులే ఉండవన్నట్టు మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. పద్ధతి మంచిదే. కానీ దాన్ని ట్యూన్ చేయడం, అంటే దాని సెట్టింగులు సరిగ్గా కుదర్చడం గురించి అందులో ఒక్క ముక్క లేదు, అసలు తలనొప్పంతా అక్కడే.

ఈ కంట్రోలర్ రాబోయే కొన్ని సెకన్లకు ఫ్రీక్వెన్సీ (వాడకానికి ఉత్పత్తి చాలకపోతే పడిపోయేది ఇదే) ఎటు పోతుందో మోడల్‌తో లెక్కేసి, జనరేటర్లకు వరుసగా ఆదేశాలు సిద్ధం చేసుకుని, మొదటిది మాత్రం అమలు చేసి, కొత్త కొలతలు రాగానే మళ్లీ లెక్క మొదలుపెడుతుంది. ఎంత ముందుకు చూడాలో చెప్పాల్సింది మనమే. తక్కువ ఇస్తే ఏమవుతుందో జల విద్యుత్ యూనిట్ దగ్గర బాగా తెలుస్తుంది. టర్బైన్‌కు నీరు వదిలే గేటు ఇంకాస్త తెరవగానే పవర్ పెరగదు, పైపులో నీరు వేగం అందుకునేలోపు కాసేపు తగ్గుతుంది కూడా. ఆ తగ్గడం వరకే చూసిన కంట్రోలర్ గేటు మూయడమే మేలనుకుంటుంది, దాని తప్పేం లేదు పాపం, మనం చూపించింది అంతే. అలాగని మరీ దూరం చూడమంటే లెక్క గడువులోపు తెమలదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు వెయిట్లతో, అంటే ఏ లక్ష్యానికి ఎంత ప్రాధాన్యమో కంట్రోలర్‌కు చెప్పే అంకెలతో. పక్కపక్క ఏరియాల్లో ఒకరు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర ఉంటే చాలని, ఇంకొకరు టై లైన్ (రెండు ఏరియాలను కలిపే లైన్) మీద పవర్ ముందే అనుకున్న షెడ్యూల్ దాటకూడదని గట్టి వెయిట్లు పెట్టారనుకోండి. మొదటి ఏరియాలో లోడ్, అంటే కరెంటు వాడకం పెరిగితే పక్కనుంచి పవర్ దానంతటదే ఇటు పారుతుంది, అది ఆపాలని రెండోది తన ఉత్పత్తి తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీ ఇంకా పడుతుంది, మొదటిది కంగారుగా పెంచేస్తుంది. తమ ప్లాన్లు ఒకరికొకరు పంపుకున్నా, ఎవరి లక్ష్యం వారిదే అయినప్పుడు ఈ ఊగిసలాట ఆగుతుందన్న గ్యారంటీ లేదు. అందుకే ప్రతి కంట్రోలర్ లెక్కలో తన నిర్ణయం వల్ల పక్క ఏరియా లక్ష్యానికి కలిగే నష్టాన్ని కూడా కలపాలి, వెయిట్లు అందరూ కూర్చుని ఒకేసారి ఖరారు చేయాలి. సమాచారం ఎక్కువ పంపుకోవాల్సి వస్తుంది, నిజమే. కానీ సరిగ్గా డిజైన్ చేస్తే, టైమ్ చాలక లెక్క మధ్యలో ఆపినా అప్పటికి చేతిలో ఉన్న ప్లాన్ వాడుకోవచ్చు, నా లెక్కన అదే పెద్ద లాభం.

ఇలాంటి సిస్టమ్ డెమో చూడబోయే అధికారులకు ఒక్క మాట: అన్నీ సవ్యంగా ఉన్నప్పటి గ్రాఫ్ చూసి సంతకం పెట్టకండి. సందేశాలు ఆలస్యంగా అందేలా చేసి, ఒక ఏరియా లింక్ తెంపేసి, అదే లోడ్‌తో మళ్లీ నడిపి చూపించమనండి.

— ఒక కంట్రోల్ ఇంజినీర్