దసరాకు అమ్మిన 32 అంగుళాల టీవీల గురించి మన గిరాకీలకు ఒక మాట

ఈ దసరాకు హనుమకొండలో మన షాపుల 32 అంగుళాల టీవీ కొన్నవాళ్లు జర ఇది పూర్తిగా చదవండి. అట్టపెట్టె మీద ఫుల్ హెచ్‌డీ అని రాసి ఉంది. లోపల ఉన్న తెర ఫుల్ హెచ్‌డీ కాదు, అంతకంటే తక్కువ చుక్కలున్నది, అక్షరాలు తేటగా కనబడవు. ఆ మాట నమ్మి మీకు అమ్మింది నేను కాబట్టి టీవీ తెచ్చిస్తే పైసలు మొత్తం వాపసు ఇస్తాను. సంక్రాంతి దాకా ఎప్పుడైనా రండి. బిల్లు పోయినా ఫర్వాలేదు, మన రిజిస్టర్‌లో మీ ఫోన్ నంబరు ఉంటే చాలు.

ఇంతతో ఆపేయొచ్చు. కానీ మీలో చాలామంది మా నాన్న రేడియోలు బాగుచేసే కాలం నుంచి మా గడప ఎక్కినవాళ్లు. ఏం జరిగిందో మీకు తెలవాలె.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు ఒక పంపిణీదారు దగ్గర 18 టీవీలు దించాను. ఆయనతో తొమ్మిదేళ్ల లెక్క నాకు. పండుగ గిరాకీలో 11 అమ్ముడుపోయాయి. అందులో 8 మంది నా సలహా మీదనే కొన్నారు. పగలు కంప్యూటర్‌కు, రాత్రి సీరియళ్లకు ఒకే తెర సరిపోతుంది, మానిటర్ వేరుగా ఎందుకు అని నాలుగేళ్లుగా అందరికీ చెప్తున్నాను. షాపు ముందు బోర్డు కూడా పెట్టాను. అసలైన ఫుల్ హెచ్‌డీ టీవీ అయితే ఆ మాట కొంతవరకు నిజమే, నేను కూడా అట్లనే వాడాను.

దసరా అయిన వారానికి నయీంనగర్ నుంచి ఒక అక్క వచ్చింది. ఇంట్లోనే నాలుగైదు దుకాణాల లెక్కలు రాస్తుంది. "అన్నా, 8 ఏదో 3 ఏదో తెలుస్తలేదు. రెండు రోజుల నుంచి తలనొప్పి" అన్నది. నేను తప్పు కేబుల్ మీదికి నెట్టి, కంప్యూటర్ బొమ్మను టీవీకి పంపే హెచ్‌డీఎంఐ వైరు కొత్తది ఇచ్చి పంపాను. మూడో రోజు మళ్లీ వచ్చింది. కళ్లద్దాల నంబరు మారిందేమో చూపించుకోండి అన్నాను. ఆ మాటకు నేను ఇప్పటికీ బాధపడుతున్నాను. ఆమె ఏమీ అనలేదు, "ఒకసారి ఇంటికొచ్చి చూడరాదే" అన్నది.

వెళ్లాను. తెర చుట్టూ అంచులు తెగి, కింద టాస్క్‌బార్ సగమే కనబడుతోంది. అది టీవీల్లో మామూలే. పాత ప్రసారాల అలవాటు కొద్దీ బొమ్మను కొంచెం పెద్దది చేసి అంచులు కత్తిరిస్తాయి. మెనూలో అంచులు కత్తిరించకుండా చూపే జస్ట్ స్కాన్ పెట్టాను, ఇన్‌పుట్ పేరు పీసీ అని మార్చాను, షార్ప్‌నెస్ బాగా తగ్గించాను. టాస్క్‌బార్ పూర్తిగా వచ్చింది. అంకెలు మాత్రం అట్లనే ఉన్నాయి. బెల్లం నీళ్లలో ముంచి తీసినట్టు ప్రతి గీతకు పక్కన ఒక బూడిద నీడ.

షాపుకు వచ్చి అదే లాట్‌లోని ఇంకో టీవీ పెట్టె విప్పాను. మా నాన్న వాడిన భూతద్దం తీసి, తెర మీద స్టీలు స్కేలు ఆనించి, ఒక సెంటీమీటరులో ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టాను. 32 అంగుళాల తెర వెడల్పు దాదాపు 71 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920 చుక్కలు, కాబట్టి సెంటీమీటరుకు 27 రావాలి. 19 వచ్చాయి. చెయ్యి వణికిందేమో అని నాలుగు చోట్ల లెక్కపెట్టాను. నాలుగు చోట్లా 19. అంటే అడ్డంగా 1366, నిలువుగా 768. హెచ్‌డీ రెడీ అని తక్కువ ధరకు అమ్మే తెర అది. పక్కన షోకేసులో ఉన్న 24 అంగుళాల మానిటర్ మీద అదే స్కేలు పెడితే 36 వచ్చాయి.

సినిమా చూస్తే ఈ తేడా దొరకదు. ల్యాప్‌టాప్ 1920 చుక్కల బొమ్మ పంపుతుంది, టీవీ దాన్ని తీసుకొని 1366లోకి కుదిస్తుంది. కదిలే బొమ్మలో కన్ను పట్టుకోదు. అక్షరం అట్ల కాదు, కదలకుండా నిలబడి ఉంటుంది. ఒక చుక్క మందం గీత రెండు చుక్కల మధ్యలో పడితే నల్లగా ఉండాల్సింది బూడిదవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఎట్లనో గట్టెక్కుతాయి కానీ మన తెలుగులో గుడి ఏదో గుడిదీర్ఘం ఏదో, ప కింద వత్తు ఉందో లేదో తెలవదు. పెళ్లి పత్రికలు కూర్చే తమ్ముడు ఒకతను కూడా ఈ టీవీయే కొన్నాడు. అతను చూడక ముందే నేను ఫోన్ చేయగలిగాను.

పంపిణీదారుకు ఆ రాత్రే ఫోన్ చేశాను. "అన్నా, ఫుల్ హెచ్‌డీ సిగ్నల్ తీసుకుంటది కదా, గందుకే గట్ల రాసిన్రు" అన్నాడు. సిగ్నల్ తీసుకోవడం వేరు, చూపించడం వేరు. నేను ఫుల్ హెచ్‌డీ తెరకు పైసలు కట్టాను. విప్పిన పెట్టెలు వాపసు తీసుకోను అన్నాడు. విప్పని ఆరు తీసుకో అంటే సీజన్ అయిపోయిందన్నాడు. చివరికి అన్న మాట నన్ను నిద్రపోనియ్యలేదు: "స్కేలు పట్టుకొని ఎవరు చూస్తరన్నా? అడిగినోనికి మార్చియ్యి, అడగనోని జోలికి పోకు."

నిజం చెప్తున్నాను, మూడు రోజులు ఆ మాట చుట్టూ తిరిగాను. అప్పటికి అడిగింది ఒక్కరే. ముగ్గురైతే టీవీని టీవీగానే వాడుతున్నారు, వాళ్లకు ఎప్పటికీ తెలవదు. పదకొండు మందికీ ఫోన్ చేస్తే పండుగ లాభం మొత్తం పోయి మీదికెళ్లి ఎదురు పడుతుంది. మా ఇంటామె కూడా మొదట అడిగినవాళ్లకే ఇవ్వమన్నది, పిల్లల ఫీజు కట్టాల్సి ఉంది మరి. మూడో రోజు రాత్రి గల్లా కట్టేస్తుంటే రిజిస్టర్‌లో ఆ పదకొండు పేర్లు కనబడ్డాయి. ప్రతి పేరు పక్కన ఫుల్ హెచ్‌డీ అని నా చేతిరాతే ఉంది, పంపిణీదారుది కాదు. పొద్దుగాల తాళం తీయంగనే మొదటి ఫోన్ నయీంనగర్ అక్కకే చేశాను. కళ్లద్దాల మాటకు క్షమించమని అడిగాను.

టీవీగానే వాడేవాళ్లు ఉంచుకుంటామంటే హెచ్‌డీ రెడీ ధరకు, మీ దగ్గర తీసుకున్న ధరకు తేడా 2,000 రూపాయలు ఇస్తున్నాను. మానిటర్ కావాలంటే మార్చి ఇస్తాను, మిగిలిన పైసలు చేతిలో పెడతాను. ఆ పంపిణీదారు దగ్గర ఇక ఒక్క పెట్టె కూడా దించను. ఇంకొకరి దగ్గర నాలుగు వందలు ఎక్కువ పడినా సరే. మొన్న ఆయన మనిషి వచ్చి పాత లెక్క సర్దుకుందాం అన్నాడు. చాయ్ పోసి పంపాను, సరుకు మాట ఎత్తనీయలేదు.

బోర్డు తీసేశాను. ఇక నుంచి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. రోజుకు మూడు గంటలకు మించి చదువు, రాత, లెక్కలు ఉంటే 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటరే తీసుకోండి. రెండడుగుల దూరంలో కూర్చునే పనికి తయారైన తెర అది. వారంటీ కూడా మన దగ్గరున్న మానిటర్లకు మూడేళ్లు, టీవీలకు ఒక ఏడాది. యూనివర్సిటీ దగ్గర గది తీసుకొని గ్రూప్స్ చదువుకునే పిల్లలకైతే అదే టీవీగా కూడా పనికొస్తుంది. సెట్‌టాప్ బాక్స్‌నో స్టిక్‌నో హెచ్‌డీఎంఐకి తగిలించండి, మానిటర్‌కు ఇయర్‌ఫోన్ రంధ్రం ఉందో లేదో కొనేముందే చూసుకొని చిన్న స్పీకర్ పెట్టుకోండి. చాలా మానిటర్లలో స్పీకర్లు ఉండవు. ఇంటిల్లిపాది మంచం మీద కూర్చొని చూసేదుంటే మాత్రం 24 అంగుళాలు చాలవు, టీవీ వేరుగా ఉండాల్సిందే.

ఒకే తెర కావాలని పట్టుబట్టేవాళ్లకు 43 అంగుళాల 4కే టీవీ, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలున్నది, ఒక్కటే చూపిస్తాను. దాంట్లో సెంటీమీటరుకు 40 చుక్కలుంటాయి, అక్షరం తేటగా నిలుస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి అంత భారం కూడా కాదు. అయితే మీ ల్యాప్‌టాప్ షాపుకు తెండి. పాత హెచ్‌డీఎంఐ 1.4 ఉన్న ల్యాప్‌టాప్ 4కే బొమ్మను సెకనుకు 30 సార్లే పంపుతుంది, మౌస్ ఈడ్చుకుంటూ వస్తుంది. కొన్ని టీవీలు రంగులను కుదించి చూపిస్తాయి, నీలం మీద ఎర్ర అక్షరం పెడితే అలుక్కుపోతుంది. ఆ పరీక్ష బొమ్మ నా పెన్‌డ్రైవ్‌లో ఉంది, మీ ముందే పెట్టి చూపిస్తాను. స్కేలు, భూతద్దం ఇప్పుడు కౌంటర్ మీదనే ఉంటాయి, మీరే లెక్కపెట్టుకోండి.

పదకొండు మందిలో పది మంది దొరికారు. ఒక పెద్దమనిషి దొరకలేదు. పరకాల వైపు నుంచి మనవరాలితో వచ్చారు, నగదు ఇచ్చారు, ఫోన్ నంబరు రాయలేదు. పెట్టె బస్సులో పట్టదని విప్పించి, టీవీని ఎర్ర గళ్ల దుప్పట్లో చుట్టించుకొని పోయారు. అమ్మాయి ఇంటర్ చదువుతుంది, పాఠాలు పెద్దగా కనబడాలని కొన్నామన్నారు. మీకెవరికైనా వాళ్లు తెలిస్తే నా మాట చెప్పండి. టీవీ మోసుకొని రానక్కర లేదు, ఊరి పేరు చెప్తే 24 అంగుళాల మానిటర్ తీసుకొని నేనే వస్తాను.